కంప్యూటరు మేలుకొనే వేళ

నూజివీడు చుట్టుపట్ల మామిడి తోటలను తలచుకోకుండా మన ప్రాంతంలో వేసవి గడవదు. ఆ తోటల నడుమ ఉన్న ఊళ్లలో రెడ్డిగూడెం ఒకటి. మా అక్కయ్యను ఇచ్చిన ఊరు అది. రసాలు పండే రోజులలో ఏటా ఒకసారి అక్కడికి వెళ్లడం నాకు అలవాటు. కిందటిసారి వెళ్లినప్పుడు మా బావగారికి వచ్చిన ఒక చిక్కును, దాని వెనుక ఉన్న కారణాన్ని, అది తీరిన విధాన్ని ఈ పూట మనవి చేస్తాను. తెలుగులో వ్రాసుకోవాలనే కోరికతో ఇంట కంప్యూటరు పెట్టుకొన్న వారికి ఇది కొంత ఉపయోగపడవచ్చు.

బావగారి తండ్రిగారికి ఒక మంచి అలవాటు ఉండేది. తోటలో ఏ చెట్టు ఏ సంవత్సరం ఎప్పుడు పూతకు వచ్చినది, మంచు ఎన్నాళ్లు పట్టినది, పిందె ఎంత నిలిచినది, ఏ మందు ఎప్పుడు కొట్టించినది, ఈదురుగాలికి ఎంత కాయ నేలపాలైనది, ఇవన్నీ ఆయన లెక్కల పుస్తకాలలో వ్రాసి ఉంచేవారు. ఆయన పోయిన తరువాత ఆ పుస్తకాలు అటక మీద ఉండిపోయినవి. వాటికి చెదలు పట్టడం మొదలైనది. ఉన్నంతవరకైనా కంప్యూటరులోకి ఎక్కించి పిల్లల చేతికి ఇవ్వాలని బావగారి సంకల్పం. ఆయనకు ఇంగ్లీషు చదువు లేదు. కాలేజీలో చదువుకొనే మా మేనకోడలు సెలవులకు వచ్చినప్పుడు, మూల పడి ఉన్న పాత కంప్యూటరులో లినక్సు ఎక్కించి, మీటల మీద తెలుగు అక్షరాల చీటీలు అంటించి, తండ్రికి ఓపికగా నేర్పినది. అరవై దాటిన వయస్సులో ఆయన ఒక్కొక్క మీట వెదకి నొక్కుకొంటూ రోజుకు ఒక పుట వ్రాయగలిగినాడు.

నేను వెళ్లేసరికి ఆ యంత్రం మీద తువ్వాలు కప్పి ఉన్నది. పుస్తకాలు మళ్లీ అటక ఎక్కినవి.

"ఏం బావగారూ, ఎంతవరకు వచ్చింది?" అని అడిగినాను.

"నా వల్ల కాలేదోయ్. నేనే ఏదో చెడగొట్టినట్టున్నాను. రాత్రి బాగానే రాస్తాను. తెల్లారి చూస్తే అక్షరాలన్నీ ఇంగ్లీషువైపోతున్నాయి. అమ్మాయి ఏదో రాసి చూపించింది గాని, నాకు పట్టుబడలేదు. రోజూ దానికి ఫోన్ చేసి విసిగించడం ఎందుకని మానేశాను" అన్నాడు.

ఆయన చెడగొట్టినది ఏమీ లేదు. ఆ రోజులలో సాయంకాలం గాలివాన వస్తే కరెంటు పోయేది. కరెంటు పోతే యంత్రం ఆరిపోయేది. మరల వెలిగించినప్పుడు అది తెలుగును మరచి మేలుకొనేది. మరచినది యంత్రం, నొచ్చుకొన్నది మనిషి. పెద్ద వయస్సులో కొత్త విద్య నేర్చుకొనే వారందరిలోను ఈ గుణం కనపడుతుంది. చేతిలోని వస్తువు మొరాయించగానే నేరం తమదే అనుకొంటారు, ఎవరికీ చెప్పకుండా పక్కకు తప్పుకొంటారు. కాబట్టి ఇది చిన్న చిక్కే అయినా, దాని వలన పోయేది చిన్నది కాదు.

యంత్రం భాషను ఎట్లా మరచిపోతుందో తెలియాలంటే, మీట నొక్కినప్పుడు ఏమి జరుగుతున్నదో మొదట చూడవలె. మీట మీద "క" అని చీటీ ఉన్నది గనుక లోపలికి "క" అనే అక్షరమే వెళుతున్నదని మనం అనుకొంటాము. అది నిజం కాదు. కీబోర్డుకు ఏ భాషా తెలియదు. ఫలానా స్థానంలోని మీటను నొక్కినారని మాత్రమే అది లోపలికి కబురు పంపుతుంది. లినక్సు ఆ స్థానానికి ఒక సంఖ్య ఇస్తుంది. ఇంగ్లీషు "కె" ఉన్న మీట సంఖ్య 37. ఆ 37 ఏ అక్షరమో తేల్చేది కీబోర్డు కాదు, లోపల ఉన్న ఒక పట్టిక. ఇంగ్లీషు పట్టిక అమలులో ఉంటే 37 అనగా "కె". తెలుగు పట్టిక అమలులో ఉంటే అదే 37 "క" అవుతుంది. "మామిడి" అనే మాటనే తీసుకొనండి. మకారం, దీర్ఘం, మకారం, గుడి, డకారం, గుడి, మొత్తం ఆరు మీటలు. లోపలికి వెళ్లేవి 46, 18, 46, 33, 26, 33 అనే సంఖ్యలు. తెలుగు పట్టిక సిద్ధంగా ఉంటే అవి తెర మీద మామిడి అవుతాయి. అది లేకపోతే సీ, ఈ, సీ, ఎఫ్, ఒక బ్రాకెట్, మళ్లీ ఎఫ్ అని అర్థం లేని వరుస ఒకటి వచ్చి నిలుస్తుంది. బావగారికి ప్రొద్దున్నే కనపడుతున్నది ఇదే.

సంగీతం తెలిసిన శ్రోతలకు ఒక పోలిక చెబుతాను. హార్మోనియం మీద ఏ మెట్టూ తనంత తాను షడ్జమం కాదు. గాయకుడు తన శ్రుతి నిర్ణయించుకొన్న పిమ్మటనే ఒక మెట్టు షడ్జమం అవుతుంది, తక్కిన స్వరాలు దానిని బట్టి స్థానాలు తెచ్చుకొంటాయి. కచేరీ మొదలు కాకముందే శ్రుతి చేసుకోవడం అందుకే. శ్రుతి కుదరకుండా పాట ఎత్తుకొంటే దోషం కంఠానిదని వినేవారు అనుకొంటారు, ఒక్కొక్కప్పుడు పాడేవాడే అనుకొంటాడు. మా బావగారి స్థితి అట్లా ఉన్నది.

ఇంతకూ ఆ తెలుగు పట్టిక ఎక్కడిది? టైపు మిషను మీద ఇంగ్లీషు అక్షరాల వరుస 1870ల నాటిది. రెమింగ్టన్ వారి మిషను 1874లో అమ్మకానికి వచ్చినది. దాదాపు ఆ వరుసే నేటికీ చాలా కంప్యూటరు కీబోర్డుల మీద ఉన్నది. భారతీయ భాషల కోసం భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ఇన్‌స్క్రిప్ట్ అనే అమరికను ప్రమాణంగా ప్రకటించినది. మన వర్ణమాలలోని క్రమాన్ని అది ఆధారం చేసుకొన్నది. గుణింతపు గుర్తులు అధికభాగం ఎడమచేతి వైపు, హల్లులు అధికభాగం కుడిచేతి వైపు వస్తాయి. "క" ఉన్న మీటనే షిఫ్టుతో కలిపి నొక్కితే "ఖ" వస్తుంది. దీర్ఘం ఉన్న మీటను అట్లాగే నొక్కితే "ఆ" వస్తుంది. ఏ భారతీయ భాషలోనైనా "క" ఆ మీట మీదనే ఉంటుంది. తెలుగులో చేయి తిరిగినవాడు కన్నడం వ్రాయదలచుకొంటే మీటలు కొత్తగా నేర్చుకోనక్కరలేదు.

ఆ పిమ్మట 1991లో మూడు పనులు జరిగినవి. భారతీయ లిపులకు ఇస్కీ అనే సంకేత ప్రమాణాన్ని మన ప్రమాణాల సంస్థ ఆ ఏడే వెలువరించినది. ప్రపంచ లిపులన్నిటికీ ఒకే సంఖ్యావళిని ఇచ్చే యూనికోడ్ తొలి ప్రతి కూడా ఆ ఏడే వచ్చినది. అందులో తెలుగుకు 3072 మొదలు 3199 వరకు 128 స్థానాలు ఉన్నవి, "క" స్థానం 3093. ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును లోకానికి తెలియజేసినది కూడా అదే సంవత్సరం. లినక్సు ఎవరైనా వాడుకోవడానికి, మార్చుకోవడానికి స్వేచ్ఛ ఉన్న వ్యవస్థ. అందువలన తెలుగువారు కొందరు పూనుకొని తెలుగు అమరికలను అందులో చేర్చినారు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ అసలు వ్యవస్థనే తెలుగు రూపంలో తయారు చేసినది. కావున తెలుగు పట్టిక కోసం మనం ఎక్కడికీ వెళ్లనక్కరలేదు. అది మా బావగారి యంత్రంలో మొదటి నుంచీ ఉన్నది. దానిని సకాలంలో బయటకు తీయుమని యంత్రానికి చెప్పినవారే లేరు.

"సకాలం" అంటే ఏమిటో కొంచెం వివరించాలి. కంప్యూటరు వెలిగించిన క్షణం నుంచి మన చేతికి వచ్చే వరకు కొన్ని అంచెలు ఉన్నవి. దానిని మన పల్లెటూరి ఇంటితో పోల్చుకోవచ్చు. మొదట కర్నెల్ అనే మూల భాగం లేస్తుంది. అది వీధి గుమ్మం తీయడం వంటిది. తరువాత ఒక్కొక్క సేవ మేలుకొని, తనకోసం వ్రాసి పెట్టిన దస్త్రాలను చదువుకొంటుంది. కీబోర్డు అమరిక చదివే సేవ వాటిలో ఒకటి. ఆ పిమ్మట పేరు, పాస్‌వర్డు అడిగే లాగిన్ తెర వస్తుంది, అది వసారా. పాస్‌వర్డు సరిపోయిన తరువాత మనం పని చేసుకొనే డెస్క్‌టాప్ వస్తుంది, అది నట్టిల్లు. నట్టింట్లో చెప్పిన మాట వసారాలో ఉన్నవాడికి వినపడదు. అంతకంటె ముఖ్యం, నోటితో చెప్పి కాగితం మీద పెట్టని మాట కరెంటు పోగానే పోతుంది.

మా మేనకోడలు చేసినది నోటిమాట వంటిది. ఆ పూటకు తెలుగు పట్టిక పెట్టుమని ఒక ఆజ్ఞ ఇచ్చినది. ఆ ఆజ్ఞ తప్పు కాదు, యంత్రం వెలుగుతున్నంతసేపు చక్కగా పనిచేస్తుంది. కాని అది ఏ దస్త్రంలోనూ వ్రాయబడలేదు. రోజూ ఆ ఆజ్ఞను ఇంగ్లీషులో కొట్టుకోవలసిన వాడు ఇంగ్లీషు రాని మా బావగారు! ఆమె కాగితం మీద వ్రాసి ఇచ్చిన చీటీ కీబోర్డు కింద ఉన్నది. ఆయన దానిని చూచి చూచి వదలివేసినాడు.

వ్రాయవలసిన చోటు ఏదో ఇప్పుడు చెబుతాను. డెబియన్, ఉబుంటు అనే రకాల లినక్సులో ఈటీసీ అనే పెద్ద సంచి ఉన్నది. అందులో డిఫాల్ట్ అనే సంచి, దానిలో కీబోర్డ్ అనే దస్త్రం. యంత్రాధికారి అనుమతితో తప్ప దానిని దిద్దనివ్వదు. అందులో ముఖ్యమైన పంక్తులు నాలుగు. మోడల్ అనే పంక్తి కీబోర్డు రకాన్ని చెబుతుంది. సామాన్యంగా పీసీ 105 అని ఉంటుంది. లేఅవుట్ అనే పంక్తిలో ఏయే దేశాల పట్టికలు కావలెనో వరుసగా వ్రాయాలి. ఇంగ్లీషుకు యు, ఎస్ అనే రెండక్షరాలు, భారతదేశానికి ఐ, ఎన్ అనే రెండక్షరాలు. వేరియంట్ అనే పంక్తిలో ఆ దేశంలో ఏ భాషో చెప్పాలి. తెలుగుకు టి, ఇ, ఎల్. ఆప్షన్స్ అనే పంక్తిలో ఒక భాష నుంచి మరొక భాషకు మారడానికి ఏ మీటలో చెప్పాలి. ఆల్టు, షిఫ్టు రెండూ కలిపి నొక్కడం చాలమందికి అలవాటు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు ఉన్నవి. భారతదేశం అని మాత్రం వ్రాసి తెలుగు అని వ్రాయకపోతే యంత్రం దేవనాగరి పట్టికను తెస్తుంది. "క" నొక్కితే హిందీ "క" పడుతుంది. రెండవది ఒక కామా సంగతి. లేఅవుట్ పంక్తిలో ఇంగ్లీషు ముందు, భారతదేశం వెనుక ఉంటే, వేరియంట్ పంక్తిలో తెలుగు పేరుకు ముందు ఒక కామా పెట్టాలి. మొదటి పట్టికకు ఉపభేదం ఏమీ లేదు, రెండవ దానికే తెలుగు అని ఆ కామాకు అర్థం. అది మరచితే యంత్రం అమెరికా పట్టికలో తెలుగును వెదుకుతుంది. అక్కడ ఉండదు గనుక తెలుగు రానే రాదు. శతకంలో ఒక్క గురువు లఘువైతే పద్యం చెడినట్లు, ఒక్క కామా లేక ఒక భాష ఆగిపోతుంది.

ఇదంతా తెలిసిన వాడినే అయినా నేను కూడా ఒక పొరపాటు చేసినాను. బావగారికి తెలుగే ముందు రావలెనన్న ఉత్సాహంతో ఆ దస్త్రంలో తెలుగును మొదట, ఇంగ్లీషును వెనుక వ్రాసినాను. మరునాడు ప్రొద్దున యంత్రం వెలిగించి, అక్కయ్యను కూడా పిలిచి, పాస్‌వర్డు కొట్టినాను. తప్పు అన్నది. మళ్లీ కొట్టినాను, మళ్లీ తప్పు అన్నది. మూడవసారీ అంతే. పాస్‌వర్డు ఇంగ్లీషు అక్షరాలది. నేను వ్రాసిన అమరిక ప్రకారం వసారాలోనే తెలుగు వచ్చి కూర్చున్నది. పాస్‌వర్డు పెట్టెలో కనపడేవి చుక్కలు మాత్రమే. అవి తెలుగు అక్షరాల చుక్కలో, ఇంగ్లీషు అక్షరాల చుక్కలో చూచేవాడికి తెలియదు.

బావగారు నా వైపు చూచి, "ఏమోయ్, నీకూ చెడిపోయిందా?" అని నవ్వినాడు. నేను వచ్చిన తరువాత ఆయన నవ్వడం అదే మొదలు. చదువుకొన్న వాడి చేతిలో కూడా యంత్రం అట్లాగే ప్రవర్తిస్తుందని తెలిసిన తరువాత ఆయన మనస్సు కొంత తేలికపడినట్లు తోచినది. నేను ఆల్టు, షిఫ్టు నొక్కి ఇంగ్లీషుకు మార్చి లోపలికి పోగలిగినాను.

అప్పుడు చేసిన ఏర్పాటు ఇది. గుమ్మం దగ్గర, వసారాలో ఇంగ్లీషు ముందు, తెలుగు వెనుక ఉండేటట్లు ఆ దస్త్రాన్ని తిరిగి వ్రాసినాను. ఇంటి తలుపుకు తాళం ఏ భాషలో ఉన్నదో ఆ భాష తలుపు దగ్గర ఉండాలి గదా! నట్టింట్లోకి రాగానే తెలుగు ముందు, ఇంగ్లీషు వెనుక ఉండేటట్లు, మా మేనకోడలు రోజూ ఇవ్వమన్న ఆ ఆజ్ఞనే, డెస్క్‌టాప్ మొదలైనప్పుడు తనంత తాను నడిచే పనుల జాబితాలో చేర్చినాను. అమ్మాయి చెప్పిన మాట అట్లాగే ఉన్నది. రోజూ మనిషి చెప్పనక్కర లేకుండా అది ఇప్పుడు కాగితం మీద ఉన్నది.

ఇంకొక చిన్న సదుపాయం కూడా ఉన్నది. అమలులో ఉన్నది ఏ భాషో వ్రాసేవాడికి తెలియకపోతే తికమక పడతాడు. కొన్ని కీబోర్డులకు స్క్రోల్‌లాక్ అనే చిన్న దీపం ఉంటుంది. దానికి ఇప్పుడు వేరే పని పెద్దగా లేదు. రెండవ పట్టిక అమలులో ఉన్నప్పుడు ఆ దీపం వెలగవలెనని ఆప్షన్స్ పంక్తిలో చేర్చవచ్చు. బావగారి డెస్క్‌టాప్‌లో ఇంగ్లీషు రెండవది గనుక దీపం వెలిగితే ఇంగ్లీషు, ఆరితే తెలుగు. ఆయన దీనిని ఒక్కసారి చెప్పగానే పట్టుకొన్నాడు. బోరింగు మోటారుకు కరెంటు వచ్చినదా లేదా అని రోజూ దీపం చూచి తెలుసుకొనే రైతుకు అది కొత్త విషయం కాదు.

అందరి ఇళ్లలోను ఒకే రకం లినక్సు ఉండదు. ఫెడోరా వంటి వాటిలో లోకల్‌సీటీఎల్ అనే ఆజ్ఞతో అమరిక చెబితే, తగిన దస్త్రంలో అదే వ్రాసి పెడుతుంది. గ్నోమ్, కేడీఈ వంటి పెద్ద డెస్క్‌టాపులలో సెట్టింగులలోని కీబోర్డు విభాగంలో తెలుగును చేర్చుకొంటే చాలు, అది ఆ వ్యక్తి పేరు మీద నిలిచి ఉంటుంది. కాని అది నట్టింటి ఏర్పాటు మాత్రమేనని, వసారాకు వేరే దస్త్రం ఉన్నదని గుర్తుంచుకోవాలి. ఇంగ్లీషు స్పెల్లింగుతో తెలుగు వ్రాసే అలవాటు ఉన్నవారు ఐబస్ వంటి పరికరాలు వాడతారు. అవి కూడా నట్టింట్లోనే మేలుకొంటాయి.

ఏ ఏర్పాటు చేసినా మూడు నియమాలు పాటించడం మంచిది. దస్త్రాన్ని దిద్దేముందు దానికి ఒక నకలు తీసి ఉంచుకోవాలి. ఎందుకు ఎట్లా దిద్దినదీ ఒక కాగితం మీద తెలుగులో వ్రాసి ఇంట్లో పెట్టాలి. చివరిది అన్నిటికంటె ముఖ్యం. పని అయినదని చెప్పేముందు యంత్రాన్ని పూర్తిగా ఆర్పి మళ్లీ వెలిగించి చూడాలి. వెలుగుతున్న యంత్రంలో సరిగా ఉన్నదంటే ఆ పూటకు సరిగా ఉన్నదని మాత్రమే అర్థం. కరెంటు పోయి వచ్చిన తరువాత కూడా సరిగా ఉంటేనే అది ఏర్పాటు అనిపించుకొంటుంది. దానిని వాడవలసిన మనిషి చేతనే వెలిగింపజేయడం ఇంకా మంచిది.

మేము అట్లాగే చేసినాము. యంత్రాన్ని ఆర్పివేసి, కాసేపు ఊరుకొని, బావగారిచేతనే వెలిగింపజేసినాము. ఆయన పాస్‌వర్డు కొట్టి లోనికి వచ్చి, చీటీలు వెదకుకొంటూ ఒక్కొక్క మీటే నొక్కినాడు. తెర మీద "రెడ్డిగూడెం" అని పదకొండు మీటలలో వచ్చినది. తరువాత అటక మీది పుస్తకం తెమ్మని అక్కయ్యతో చెప్పినాడు.

యంత్రం ఇంగ్లీషులో మేలుకోవడం ప్రకృతి ధర్మం కాదు. ఎవరో ఒకరు ఒక దస్త్రంలో ఆ రెండక్షరాలు వ్రాసి ఉంచినందున అట్లా మేలుకొంటున్నది. వ్రాసినదానిని దిద్దవచ్చు. మీ ఇంట పెద్దవారెవరైనా కంప్యూటరు ముందు కూర్చుని, "నేనేదో చెడగొట్టాను" అని లేచిపోతుంటే, వారిని తప్పు పట్టకముందు ఆ దస్త్రం తెరచి చూడండి. మొన్న అక్కయ్య ఫోనులో చెప్పినది: రెండు పుస్తకాలు పూర్తి అయినవట. మూడవదానిలో చెదలు తిన్న పుటల దగ్గర బావగారు ఆగి, ఆ సంవత్సరం పూత సంగతి ఊళ్లో పెద్దలను అడిగి వ్రాస్తున్నాడట.